మాటకు మూలము, మాటకు అర్థము

 

ఈ దినము మనము ఒక వాక్యభాగము తీసికొని ధ్యానించుట లేదు. మాటలను గూర్చి మాట్లాడుకుందాము. ఎందుకనగా మన సంఘములలో తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే మాట ఒకటి ఉన్నది. "అయ్యగారూ, మా అమ్మాయి పదవ తరగతి వరకు తెలుగు మీడియములో చదివినది. మంచి మార్కులే వచ్చినవి. ఇప్పుడు నర్సింగులో చేరినది. ఆ ఇంగ్లీషు మాటలు చూచి భయపడి ఏడ్చుచున్నది. ప్రార్థన చేయండి" అంటారు. తప్పక ప్రార్థన చేద్దాము. దానితోపాటు ఆ బిడ్డ చేతికి ఒక పనిముట్టు కూడ ఇద్దాము. ఆ పనిముట్టు ఏమిటంటే, ఇంగ్లీషు మాటల లోపల దాగియున్న గ్రీకు, లాటిన్ మూలములను గుర్తుపట్టుట.

ఇది పండితులకు మాత్రమే సంబంధించినదని అనుకోవద్దు. ఈ పని మీకు ముందే వచ్చును. వచ్చునని మీకు తెలియదు, అంతే.

మన భాషలో ఉన్న రెండు పొరలు

మొదట మన తెలుగునే చూడండి. ఇంట్లో మనము "గుండె" అంటాము. పుస్తకములో "హృదయము" అని వ్రాస్తాము. ఇంట్లో "పన్ను", పుస్తకములో "దంతము". ఇంట్లో "కాలు", పుస్తకములో "పాదము". ఇందులో మొదటివి అచ్చ తెలుగు మాటలు, రెండవవి సంస్కృతమునుండి వచ్చినవి. ఈ రెండు పొరలు మన నోటిలో కలిసిపోయి ఉన్నవి గనుక మనకు తేడా తెలియదు.

ఇంగ్లీషు కూడ ఇట్టిదే. గుండెను ఇంట్లో "హార్ట్" అంటారు. హృదయపూర్వకమైన స్నేహమును "కార్డియల్" అంటారు, ఇది లాటిన్ నుండి వచ్చినది. గుండె జబ్బుల ఆస్పత్రికి వెళ్తే "కార్డియాక్" అని బోర్డు ఉంటుంది, ఇది గ్రీకు "కార్డియా" నుండి వచ్చినది. అలాగే "ఫుట్" ఇంటి మాట, కాలినడకన పోవు "పెడెస్ట్రియన్" లాటిన్ మాట, ప్రసంగీకుడు నిలుచు "పోడియం" గ్రీకు మాట. ఇంటి మాటలు చిన్నవి, చదువు మాటలు పెద్దవి. ఫాదర్, మదర్, వాటర్, హౌస్ వంటి చిన్న మాటలు ఇంగ్లీషువారి సొంతము. వాటికి నేను చెప్పబోయే పద్ధతి ఉపయోగపడదు. కాని ఇంగ్లీషు నిఘంటువులో సగానికి మించిన మాటలు లాటిన్, ఫ్రెంచి, గ్రీకు భాషలనుండి వచ్చినవే. విజ్ఞానశాస్త్రము, వైద్యము, చట్టము, వేదాంతశాస్త్రము, వీటిలోని పెద్ద మాటలు చాలావరకు ఆ పొరలోనివే.

ఈ రెండు భాషలే ఎందుకు? సువార్త గ్రంథములు చదివినవారికి ఒక సంగతి జ్ఞాపకము ఉండే ఉంటుంది. ప్రభువు సిలువ మీద పెట్టిన పైవిలాసము మూడు భాషలలో వ్రాయబడినదని యోహాను 19వ అధ్యాయములో చూస్తాము: హెబ్రీ, రోమా, గ్రీకు. రోమా భాష అనగా లాటిన్. ఆ కాలములో ప్రభుత్వపు భాష లాటిన్, తూర్పు ప్రాంతములలో చదువుకు, వ్యాపారమునకు గ్రీకు. క్రొత్త నిబంధన గ్రీకులో వ్రాయబడినది. నాలుగవ శతాబ్దపు చివర జెరోము బైబిలును లాటిన్‌లో సిద్ధపరచెను. క్రీ.శ. 597లో రోమునుండి అగస్టీను అను సన్యాసి తన జతవారితో ఇంగ్లండులోని కెంటు ప్రాంతమునకు సువార్త తీసికొని వెళ్లినప్పుడు లాటిన్ కూడ వెళ్లినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించినప్పుడు లాటిన్ బిడ్డయైన ఫ్రెంచి వచ్చినది. తరువాత శాస్త్రజ్ఞులు క్రొత్తగా కనుగొన్న అనేకమైనవాటికి ఆ రెండు పాత భాషలనుండి ముక్కలు తీసికొని పేర్లు కట్టిరి.

మాటను విడదీయుట

మన పంతుళ్లు బడిలో ఉపసర్గలు నేర్పించిరి. "హారము" అను భాగమునకు ముందు "ఆ" చేర్చితే ఆహారము, "వి" చేర్చితే విహారము, "సం" చేర్చితే సంహారము, "పరి" చేర్చితే పరిహారము. ఒకే ధాతువు, ముందు చేరిన చిన్న ముక్కతో అర్థము ఎంత మారిపోయినదో చూడండి. ఇంగ్లీషు పెద్ద మాటలు కూడ ఇదే విధముగా కట్టబడినవి. ముందు ఉపసర్గ, మధ్యలో ధాతువు, వెనుక ప్రత్యయము.

లాటిన్‌లో "పోర్తారె" అనగా మోయుట. "పోర్టర్" అనగా మోసేవాడు, రైల్వే స్టేషనులో చూస్తాము. "ఇంపోర్ట్" అనగా లోపలికి మోసికొని వచ్చుట, దిగుమతి. "ఎక్స్‌పోర్ట్" బయటికి మోసికొని పోవుట, ఎగుమతి. "ట్రాన్స్‌పోర్ట్" అవతలికి మోయుట, రవాణా. "రిపోర్ట్" తిరిగి మోసికొని వచ్చుట, అనగా జరిగినది వచ్చి చెప్పుట. ఒక్క ధాతువు నేర్చుకుంటే అయిదు మాటలు చేతికి వచ్చినవి.

మరొకటి. లాటిన్‌లో "స్పిరారె" అనగా ఊపిరి పీల్చి విడుచుట. "రెస్పిరేషన్" శ్వాసక్రియ. "ఇన్‌స్పైర్" అనగా లోపలికి ఊదుట, అందుకే మనలో ఉత్సాహము నింపువారిని ఆ మాటతో చెప్తారు. "కాన్‌స్పైర్" అనగా కలిసి ఊపిరి తీయుట, తలలు దగ్గర పెట్టుకొని గుసగుసలాడి కుట్ర చేయుట. ఇక మందుల అట్ట మీద "ఎక్స్‌పైరీ డేట్" అని ఉంటుంది గదా, "ఎక్స్" అనగా బయటికి. ఊపిరి బయటికి పోయిన తేదీ. మనము కూడ "ప్రాణము విడిచెను" అంటాము. ఈ మందుకు ప్రాణము పోయిన దినము అది. ఇక ఆ మాట మరచిపోగలరా?

తెలుగు మీడియము బిడ్డలకు ఒక మాట

తెలుగు మీడియములో చదివిన విద్యార్థులారా, జాగ్రత్తగా వినండి. మీకు ఏమీ రాదని, మొదటినుండి మొదలుపెట్టాలని మీరు అనుకుంటున్నారు. అది నిజము కాదు. బడిలో మీరు "కిరణజన్య సంయోగక్రియ" నేర్చుకున్నారు. ఇంటర్‌లో అదే "ఫోటోసింథసిస్" అయినది. విడదీసి చూడండి. గ్రీకులో "ఫోస్" అనగా వెలుగు, అది మాటలలో "ఫోటో" అగును. "సిన్" అనగా కలిసి, మన "సం" వంటిది. "థెసిస్" అనగా ఉంచుట, పెట్టుట. వెలుగు సహాయముతో కలిపి ఉంచుట. మీ తెలుగు మాట కూడ అదే చెప్పుచున్నది: కిరణములవలన పుట్టిన, కలిపే క్రియ.

మన పాత తెలుగు పుస్తకములలో హైడ్రోజన్‌ను "ఉదజని" అన్నారు. గ్రీకులో "హైడోర్" అనగా నీరు, "జెన్" అనగా పుట్టించు. "ఉద" అనగా నీరు, "జని" అనగా పుట్టించునది. ఒక్కొక్క ముక్కను తెలుగులో పెట్టి ఇచ్చిరి. "ఎనీమియా"లో "అన్" అనగా లేకుండుట, "హైమా" అనగా రక్తము, మనము "రక్తహీనత" అంటాము. చక్కెర జబ్బు పూర్తి పేరు "డయాబెటిస్ మెల్లిటస్". "మెల్" అనగా లాటిన్‌లో తేనె. మన "మధుమేహము"లో మధువు అన్నా తేనెయే. కాబట్టి మీ తెలుగు చదువు వ్యర్థము కాలేదు. అర్థము మీ దగ్గర ముందే ఉన్నది, దానికి ఇంగ్లీషు పేరును జతచేసుకొనుట మాత్రమే మిగిలినది.

చెట్ల శాస్త్రీయ నామములు కూడ ఇట్లే. మన మామిడికి "మాంగిఫెరా ఇండికా" అని 1753లో లిన్నేయస్ పేరు పెట్టెను. "ఫెరె" అనగా లాటిన్‌లో భరించుట. మామిడికాయలను మోయు ఇండియా చెట్టు అని అర్థము. కాపుకు వచ్చిన చెట్టును ఒకసారి చూచి ఆ పేరు అనండి, పరీక్షలో తప్పు పోదు.

నెలల పేర్లు గమనించితిరా? సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు. సప్త, అష్ట, నవ, దశ అని వినబడుచున్నది గదా! ఇది కాకతాళీయము కాదు. సంస్కృతము, గ్రీకు, లాటిన్ ఒకే మూలమునుండి పుట్టి ఉండవచ్చునని విలియం జోన్స్ అను న్యాయమూర్తి 1786లో కలకత్తాలో ప్రసంగించెను. తరువాతి పండితులు దానిని స్థిరపరచిరి. మన తెలుగు వేరే కుటుంబమునకు, అనగా ద్రావిడ కుటుంబమునకు చెందినది. అయినను సంస్కృతమునుండి ఎన్నో మాటలు తీసికొన్నది గనుక, పితృ, మాతృ, నామము, దంతము తెలిసిన తెలుగువానికి లాటిన్ "పాటెర్", "మాటెర్", "నోమెన్", "దెన్స్" పూర్తిగా పరాయివి కావు.

మన ఆరాధనలోనే ఉన్న గ్రీకు, లాటిన్

ఇక సంఘములోనికి రండి. "సువార్త" అను మాటకు గ్రీకులో "ఎవాంగెలియోన్". "ఎవ్" అనగా మంచి, మన "సు". "అంగెలియా" అనగా వార్త. దానిలోనుండియే "ఇవాంజెలిస్ట్". వార్త తెచ్చువాడు "అంగెలోస్", అందునుండి "ఏంజెల్", మనకు దేవదూత.

"అపొస్తలుడు" గ్రీకు మాటయే, అర్థము పంపబడినవాడు. లాటిన్‌లో పంపుటకు "మిత్తెరె" అంటారు, అందునుండి "మిషన్", "మిషనరీ". మన ఊళ్లలో మిషన్ ఆస్పత్రి, మిషన్ కాంపౌండు అని తాతల కాలమునుండి అంటున్నాము. అపొస్తలుడు, మిషనరీ, రెండు భాషలలో ఒకే భావము. అదే ధాతువు "ట్రాన్స్‌మిట్"లో, "పర్మిట్"లో, "అడ్మిషన్"లో ఉన్నది. కాలేజీలో అడ్మిషన్ దొరికినది అంటే లోపలికి పంపబడినావని అర్థము.

"బిషప్" గ్రీకు "ఎపిస్కోపోస్" నుండి అరిగి అరిగి వచ్చినది. "ఎపి" అనగా పైన, "స్కోపోస్" అనగా చూచువాడు. మైక్రోస్కోపులో, టెలిస్కోపులో, డాక్టరుగారి స్టెతస్కోపులో ఉన్న "స్కోప్" ఇదే. "డీకన్" గ్రీకులో "దియాకోనోస్", పరిచారకుడు. "పాస్టర్" లాటిన్‌లో కాపరి, మేపువాడు. పశువులు మేయు పచ్చికబయలును ఇంగ్లీషులో "పాశ్చర్" అంటారు, అదే ధాతువు. "సెమినరీ" అనగా లాటిన్‌లో నారుమడి. వరి నాటువారికి దీనిని వివరించనక్కరలేదు. నారుమడిలో పంట పండదు, నారు పెరిగి పొలమునకు పోవలెను. "బైబిల్" అనగా పుస్తకములు, ఒకటి కాదు, అనేకము.

ఆరాధన ముగింపులో "బెనెడిక్షన్" ఇస్తాము. "బెనె" అనగా మంచిగా, "డిక్" అనగా చెప్పుట. మంచి మాట పలుకుట. "డిక్షనరీ", "డిక్టేషన్"లలో ఉన్నది అదే "డిక్". "బెనిఫిట్"లో ఉన్నది అదే "బెనె".

ఆస్పత్రిలో ఇది ప్రాణమునకు సంబంధించిన సంగతి

ఇంతవరకు చెప్పినది సరదాగా ఉన్నట్టు కనబడవచ్చును. ఆస్పత్రిలో అది సరదా కాదు.

"ఐటిస్" అని ముగిస్తే వైద్యములో వాపు, మంట అని అర్థము. "ఆర్థ్రాన్" కీలు గనుక ఆర్థ్రైటిస్ కీళ్ల వాపు. "హేపార్" కాలేయము గనుక హెపటైటిస్ కాలేయపు వాపు. "ఎక్టమీ" అని ముగిస్తే కోసి బయటికి తీసివేయుట. అపెండెక్టమీ అనగా అపెండిక్సు తీసివేయుట. "హుస్తేరా" అనగా గర్భసంచి గనుక హిస్టరెక్టమీ అనగా గర్భసంచి తీసివేయు ఆపరేషన్. సహోదరీలారా, ఆపరేషనుకు ముందు మీ చేత ఒక కాగితము మీద సంతకము చేయిస్తారు. ఆ కాగితములో ఈ మాట ఉన్నదో లేదో చూడండి. ఉన్నయెడల ఎందుకు అవసరమో, వేరే వైద్యము ఉన్నదో లేదో డాక్టరుగారిని అడగండి. ఆపరేషన్ అవసరమా కాదా అనేది వైద్యులు చెప్పవలసిన సంగతి. అయితే ఏమి తీసివేయుచున్నారో తెలియకుండ సంతకము చేయవద్దు.

"హైపర్" అనగా ఎక్కువ, "హైపో" అనగా తక్కువ. చెవికి రెండూ దగ్గరగా వినబడును. హైపర్‌గ్లైసీమియా అనగా రక్తములో చక్కెర ఎక్కువగుట, హైపోగ్లైసీమియా అనగా తగ్గిపోవుట. ఒకదానికి చక్కెర తగ్గించవలెను, రెండవదానికి వెంటనే చక్కెర ఇవ్వవలెను. వార్డులో డ్యూటీ మీదనున్న ఆ నర్సింగు అమ్మాయి ఈ రెండు ముక్కలను కలగాపులగము చేసికొంటే రోగి ప్రాణము మీదికి వచ్చును. బట్టీపట్టినది రాత్రి మూడు గంటలకు నిద్రకళ్లతో జారిపోవచ్చును. మూలము తెలిసి నేర్చుకున్నది నిలుచును.

మూలము మోసగించు సందర్భములు

ఇప్పుడు తప్పక వినవలసిన రెండవ సగము చెప్తాను. మూలము తలుపు తెరచును. లోపల ఎవరు కాపురమున్నారో లోపలికి వెళ్లి చూడవలెను. మాట మొదట ఎక్కడ పుట్టినదనునది ఒకటి, ఇప్పుడు ఏ అర్థములో నడుచుచున్నదనునది మరొకటి.

మొదటిది, ఒకేలాగు కనబడు ముక్కలు వేరువేరు కావచ్చును. లాటిన్‌లో "పెద్" అనగా పాదము, పెడల్ దానినుండి వచ్చినది. గ్రీకులో "పైద్" అనగా పిల్లవాడు, పీడియాట్రిక్స్ దానినుండి వచ్చినది. ఆర్థోపెడిక్స్ అనగా ఎముకల వైద్యము గదా, అందులో ఉన్నది పాదము అనుకుంటారు. కాదు, పిల్లవాడు. 1741లో నికొలాస్ ఆంద్రీ అను ఫ్రెంచి వైద్యుడు పిల్లల అవయవముల వంకరలను సరిచేయుటను గూర్చి వ్రాసిన పుస్తకములో ఈ పేరు కట్టెను. "ఆర్థోస్" అనగా తిన్నగా. అలాగే ఆస్పత్రిలో గర్భిణీలను చూచు యాంటినేటల్, మనము వేసికొను యాంటీబయాటిక్, మన నోట ఒకేలాగు పలుకుతాయి. ఇంగ్లీషు అక్షరములలో మొదటిదానిలో "ఇ" ఉన్నది, అది లాటిన్ "అంతె", ముందు అని అర్థము. కాన్పుకు ముందు. రెండవదానిలో "ఐ" ఉన్నది, అది గ్రీకు "అంతి", విరోధముగా అని అర్థము.

రెండవది, "ఇన్" అను ఉపసర్గ. "ఇన్‌విజిబుల్" అనగా కనబడనిది. ఇక్కడ "ఇన్" అనగా కాదు. పెట్రోలు ట్యాంకరు మీద "ఇన్‌ఫ్లేమబుల్" అని వ్రాసియుంటే మండనిది అనుకొని బీడీ వెలిగించితే ఏమగును? ఇక్కడ "ఇన్" అనగా లోపలికి. తేలికగా అంటుకొనునది అని అర్థము. ఉపసర్గ రూపము ఒకటే, అర్థములు రెండు.

మూడవది, కాలము మారగా మాట మారును. "మాన్యుఫ్యాక్చర్" అనగా చేతితో చేయుట. నేడు యంత్రములు చేసినదానికే ఆ మాట వాడుచున్నారు. "నైస్" అనగా మనము బాగున్నదంటాము, దాని లాటిన్ మూలమునకు తెలివిలేని అని అర్థము! డిసెంబరు పదవ నెల కాదు, పండ్రెండవది. పూర్వకాలపు రోమీయుల సంవత్సరము మార్చితో మొదలయ్యేది గనుక ఆ పేరు అప్పుడు సరిపోయినది.

నాలుగవది, పేరు పెట్టినవాడే పొరబడవచ్చును. "ఆక్సిజన్" అనగా ఆమ్లములను పుట్టించునది. అందుకే తెలుగులో "ఆమ్లజని" అన్నారు. ఆమ్లములన్నిటిలో ఈ వాయువు ఉండునని లెవోయిజర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తలంచి ఆ పేరు పెట్టెను. తరువాత హైడ్రోక్లోరిక్ ఆమ్లములో అది లేదని తేలినది. పేరు మాత్రము అట్లే నిలిచినది.

ప్రసంగవేదిక మీద ఉన్నవారికి

నాతోటి సేవకులారా, ఈ హెచ్చరిక మనకు మరి ఎక్కువగా వర్తించును. రోమా 1:16లో "శక్తి" అని ఉన్నచోట గ్రీకులో "దునామిస్" ఉన్నది. "ఇందులోనుండే డైనమైట్ వచ్చినది, కాబట్టి సువార్త డైనమైటు" అని మన కూటములలో వింటూ ఉంటాము. డైనమైట్ అను పేరు దునామిస్ నుండి వచ్చిన మాట నిజమే. అయితే ఆల్ఫ్రెడ్ నోబెల్ దానిని 1867లో పేటెంటు చేసెను. పౌలు వ్రాసినది మొదటి శతాబ్దములో. ఆయన మనస్సులో లేని వస్తువును మనము ఆయన పత్రికలోనికి తీసికొని పోవుచున్నాము. పైగా డైనమైటు బద్దలుకొట్టును. ఆ వచనములో చెప్పిన శక్తి రక్షణ కొరకైనది.

"ఎక్లేసియా" సంగతి కూడ అంతే. దానిలో "ఎక్" అనగా బయటికి, "కలెయో" అనగా పిలుచుట. గనుక సంఘమనగా లోకములోనుండి బయటికి పిలువబడినవారని బోధిస్తాము. ఆ సత్యము లేఖనములలో వేరే చోట్ల స్పష్టముగా ఉన్నది. కాని ఆ మాట ఒక్కటే దానిని నిరూపించదు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు పట్టణపు నాటకశాలలో గందరగోళముగా కేకలువేసిన జనసమూహమునకు కూడ గ్రీకులో ఎక్లేసియా అనే ఉన్నది. మన తెలుగు బైబిలులో అక్కడ "సభ" అని సరిగా తర్జుమా చేసిరి. ఆ కాలములో ఆ మాటకు వాడుకలోనున్న అర్థము సభ, కూటము. 1961లో జేమ్స్ బార్ అను పండితుడు బైబిలు భాషను గూర్చి వ్రాసిన గ్రంథములో ఈ పొరపాటునే ఎత్తిచూపెను. మాట అర్థమును దాని పుట్టుక కంటె అది వాడబడిన వాక్యమే నిర్ణయించునని ఆయన వాదన.

మన తెలుగు క్రైస్తవులు ఈ పని ఒకచోట ఎంతో చక్కగా చేసిరి. గ్రీకులో "మార్తుస్" అనగా సాక్షి మాత్రమే. సాక్ష్యము చెప్పినందుకు అనేకులు చంపబడినందున, ఇంగ్లీషులో "మార్టర్" అనగా విశ్వాసము కొరకు ప్రాణమిచ్చినవాడని అర్థము స్థిరపడినది. మనవారు దానికి "హతసాక్షి" అన్నారు. మూలమైన సాక్షి అందులో ఉన్నాడు, తరువాత చేరిన మరణము కూడ అందులో ఉన్నది. మూలమును విడువలేదు, వాడుకను మరువలేదు. ఇదే మంచి పద్ధతి.

ఎట్లు నేర్చుకోవలెను?

యౌవనస్థులారా, ఒక చిన్న నోటుపుస్తకము తీసికొనండి. వారమునకు ఒక్క మూలమే వ్రాయండి. దాని క్రింద ఆ కుటుంబపు మాటలు అయిదు వ్రాయండి. ప్రక్కన తెలుగు వ్రాయుట మరువవద్దు. సంవత్సరమునకు 52 మూలములు, రెండు వందల అరవై మాటలు మీ సొంతమగును.

క్రొత్త మాట ఎదురైనప్పుడు నాలుగు పనులు చేయండి. మొదట ముక్కలు చేయండి. తరువాత అర్థము ఊహించండి. మూడవది, నిఘంటువు తెరచి మీ ఊహ సరియో కాదో చూడండి. మంచి ఇంగ్లీషు నిఘంటువులలో మాట మూలము కూడ అచ్చువేసి ఉంటుంది. నాలుగవది, ఆ మాట ఉన్న వాక్యమును మరల చదివి, ఆ అర్థము అక్కడ కుదిరినదా అని చూడండి. ఈ మూడవ, నాలుగవ మెట్లు ఎక్కనివాడు సగము దారిలో నిలిచిపోయినవాడు. సగము తెలిసినవాడు తప్పును ధైర్యముగా చెప్తాడు, అది ఏమీ తెలియకపోవుట కంటె ప్రమాదము.

తల్లిదండ్రులారా, మీకు ఇంగ్లీషు రాదని వెనుకకు పోవద్దు. బిడ్డ ఒక ఇంగ్లీషు మాట చెప్పినప్పుడు, "దీనిని తెలుగులో ఏమంటారమ్మా?" అని అడగండి చాలు. కిరణజన్య సంయోగక్రియ అని ఆమె నోట వచ్చిన క్షణమే, తాను చదివిన పది సంవత్సరముల చదువు ఎక్కడికీ పోలేదని ఆమెకు తెలిసిపోవును. భయము అక్కడ సగము తగ్గును. మన సంఘములలో చదువుకున్న అన్నలు, అక్కలు ఉన్నారు. ఆదివారము ఆరాధన తరువాత అరగంట కూర్చుండి క్రింది తరగతి పిల్లలకు రెండు మూలములు చెప్పితే అదియు పరిచర్యయే.

ప్రియ శ్రోతలారా, వచ్చే వారము యథావిధిగా వాక్యధ్యానములో కలుసుకుందాము. పరీక్షలు వ్రాయుచున్న విద్యార్థులకు, రాత్రి డ్యూటీలు చేయుచున్న నర్సులకు, ఆస్పత్రులలో అర్థముకాని కాగితములు చేతపట్టుకొని కూర్చున్న ప్రతి కుటుంబమునకు దేవుడు మంచి బుద్ధిని, ధైర్యమును, అడుగుటకు నోటిని అనుగ్రహించును గాక. ఆమేన్.